అకలేసియాకు చికిత్స ఎంచుకోవడం ఎలా? బెలూన్, హెల్లర్ ఆపరేషన్, పోయెమ్‌లను పోల్చి చూసుకునే పద్ధతి

అన్నం ముద్ద గొంతు దాటాక ఛాతీ మధ్యలో ఆగిపోవడం, దాన్ని దించడానికి ముద్దముద్దకూ గుక్కెడు నీళ్ళు తాగవలసి రావడం, రాత్రి పడుకున్నాక సాయంత్రం తిన్నది తిన్నట్టే నోట్లోకి తిరిగి రావడం అకలేసియా అనే జబ్బు ముఖ్య లక్షణాలు. మన ఇళ్ళల్లో దీనికి మొదట పెట్టే పేరు గ్యాస్. మా మేనత్తగారు ఈ పేరుతోనే మూడేళ్ళపాటు పరగడుపున మాత్రలు మింగారు. నలుగురిలో కూర్చుని తినడానికి మొహమాటపడి పెళ్ళి భోజనాలు మానుకున్నారు, పదకొండు కిలోల బరువు తగ్గారు, ఆ తర్వాతే అసలు జబ్బు బయటపడింది. జబ్బు పేరు తెలిసిన రోజే డాక్టరుగారు ఒక చికిత్స పేరు చెప్పి తేదీ ఇచ్చారు గాని, వేరే దారులున్నాయని మాకు ఎవరూ చెప్పలేదు. మీకో మీ ఇంట్లో వారికో ఈ జబ్బు ఉన్నట్టు తేలి, చికిత్స విషయంలో నిర్ణయం తీసుకోవలసిన స్థితిలో ఉంటే, ఆ నిర్ణయానికి ఏయే కాగితాలు చేతిలో ఉండాలో, ఏ లెక్కలు ఎలా చదవాలో, ఏ ప్రశ్నలు అడగాలో ఇక్కడ వరుసగా చెబుతాను. ఇది డాక్టరు సలహాకు బదులు కాదు, ఆ సలహాను అర్థం చేసుకుని మాట్లాడడానికి సాయం మాత్రమే.

ముందుగా జబ్బు స్వభావం తెలియాలి. గొంతు నుంచి జీర్ణాశయం దాకా ఉండే కండరాల గొట్టాన్ని అన్నవాహిక అంటారు. దాని అడుగున ఉండే కండర వలయం మామూలుగా మూసుకుని ఉండి, మనం మింగినప్పుడు మాత్రమే వదులై ముద్దను కిందికి పోనిస్తుంది. వలయాన్ని వదులు చేయమని చెప్పే నరాల కణాలు అన్నవాహిక గోడలో క్రమంగా నశించిపోతే, ఒకవైపు వలయం వదులు కాదు, మరోవైపు ముద్దను కిందికి నెట్టే అలల వంటి కదలిక కూడా ఆగిపోతుంది. ఏటా సుమారు లక్ష మందిలో ఒకరికి కొత్తగా వచ్చే అరుదైన జబ్బు కావడం వల్లనే దీన్ని గుర్తించడంలో ఇంత ఆలస్యం జరుగుతుంది.

చికిత్సల జోలికి వెళ్ళకముందే ఒక మాట మనసులో ఉంచుకోవాలి. నశించిన నరాల కణాలను తిరిగి తెచ్చే చికిత్స ఇప్పటి వరకు లేదు. ఉన్నవన్నీ అడుగున మూసుకున్న ద్వారాన్ని ఏదో ఒక విధంగా వదులు చేసేవే. బెలూన్ ఆ వలయాన్ని సాగదీస్తుంది, హెల్లర్ ఆపరేషన్‌లో పొట్ట వైపు నుంచి ఆ కండరాన్ని కోస్తారు, పోయెమ్ (పెరోరల్ ఎండోస్కోపిక్ మయోటమీ) లో నోటి ద్వారా పంపిన గొట్టంతో లోపలి నుంచే కోస్తారు. ద్వారం తెరుచుకున్నాక ముద్ద ఎక్కువగా తన బరువుతోనే జారుతుంది. 1674లో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ తిమింగలం ఎముక కొసకు స్పాంజి కట్టి, దానితో ఆహారాన్ని జీర్ణాశయంలోకి నెట్టుకోవడం ఒక రోగికి నేర్పినట్టు రాశాడు. మూడున్నర శతాబ్దాలు గడిచి పనిముట్లు ఎంతో సున్నితంగా మారినా, చేసే పని మాత్రం అదే. ద్వారాన్ని ఎక్కువ తెరిస్తే జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది, తక్కువ తెరిస్తే ముద్ద మళ్ళీ ఆగుతుంది. కాబట్టి ఏది గొప్ప చికిత్స అని అడగడం కన్నా, చికిత్స తర్వాత మిగిలే ఇబ్బందుల్లో దేనితో నేను సర్దుకోగలను అని అడగడమే సరైన ప్రశ్న అని నా అభిప్రాయం.

1. రోగనిర్ధారణ పూర్తయిందో లేదో చూసుకోండి

మీ ఫైలులో మూడు పరీక్షల రిపోర్టులు ఉండాలి. మొదటిది ఎండోస్కోపీ, అంటే నోటి ద్వారా కెమెరా ఉన్న గొట్టం పంపి లోపల చూడడం. అకలేసియా తొలి దశలో ఎండోస్కోపీ మామూలుగానే కనిపించవచ్చు. అయినా ఈ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే జీర్ణాశయం ముఖద్వారం దగ్గర పుట్టిన కేన్సర్ కూడా అచ్చం అకలేసియాలాగే కనిపించగలదు. వయసు యాభై అయిదు దాటి, మింగలేకపోవడం మొదలై ఏడాదైనా కాకుండానే బరువు విపరీతంగా పడిపోయినవారిలో ఈ అనుమానాన్ని పూర్తిగా తీర్చుకున్నాకే ముందుకు వెళ్ళాలి. ఇలాంటివారికి సీటీ స్కాన్ లేదా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ కూడా చేయించమని డాక్టర్లు చెబుతారు, దాన్ని అనవసరమైన ఖర్చుగా భావించవద్దు.

రెండవది బేరియం పరీక్ష. తెల్లటి మందు తాగించి ఎక్స్‌రేలు తీస్తారు. అన్నవాహిక పైన వెడల్పై అడుగున పక్షి ముక్కులా సన్నబడిన ఆకారం ఇందులో కనిపిస్తుంది. వీలైతే నిలబెట్టి, మందు తాగిన 1, 2, 5 నిమిషాలకు ఎక్స్‌రే తీసే పద్ధతిలో చేయమని అడగండి. అయిదు నిమిషాల తర్వాత కూడా మందు ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున నిలిచి ఉందో ఇప్పుడు రాసి ఉంటేనే, చికిత్స తర్వాత అదే పరీక్షతో పోల్చి చూడగలుగుతారు.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది హై రిజల్యూషన్ మానోమెట్రీ. ముక్కు ద్వారా సన్నటి గొట్టం పంపి, గుక్కగుక్కగా నీళ్ళు మింగిస్తూ అన్నవాహిక పొడవునా ఒత్తిడిని కొలుస్తారు. కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, కాని మత్తు అవసరం లేకుండా సుమారు అరగంటలో ముగిసిపోతుంది. ఈ పరీక్ష అన్ని ఊళ్ళలో దొరకదు, పెద్ద నగరాల్లోని గ్యాస్ట్రో విభాగాలకు వెళ్ళవలసి ఉంటుంది. దూరమని దీన్ని దాటవేసి నేరుగా చికిత్సకు ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే తర్వాతి అడుగు మొత్తం దీని మీదనే ఆధారపడి ఉంది.

2. మీది ఏ రకమో రిపోర్టులో వెతకండి

మానోమెట్రీ రిపోర్టు చివర్లో టైప్ 1, టైప్ 2, టైప్ 3 అనే మాటల్లో ఒకటి ఉంటుంది. అన్నవాహికలో ఒత్తిడి దాదాపుగా లేకుండా అది ఉత్త సంచిలా పడి ఉంటే అది మొదటి రకం. మింగినప్పుడు పైనుంచి కింది దాకా ఒకేసారి ఒత్తిడి పెరుగుతుంటే రెండవ రకం. కండరం వేళ తప్పి బలంగా బిగుసుకుపోతుంటే మూడవ రకం, ఈ రకం వారికి ఛాతీ నొప్పి కూడా తరచుగా ఉంటుంది. వలయం ఎంతగా బిగిసి ఉందో చెప్పే ఐఆర్‌పీ అనే అంకె కూడా అక్కడే ఉంటుంది, ఎక్కువగా వాడుకలో ఉన్న యంత్రాల్లో దానికి మామూలు హద్దు 15.

ఈ విభజనకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే చికిత్స ఫలితం రకాన్ని బట్టి మారుతుంది. యూరప్‌లో బెలూన్‌నూ హెల్లర్ ఆపరేషన్‌నూ పోల్చిన పెద్ద అధ్యయనంలోని రోగులను 2013లో రకాలవారీగా విడదీసి చూసినప్పుడు, రెండేళ్ళ తర్వాత బాగున్నవారు రెండవ రకంలో 96 శాతం, మొదటి రకంలో 81 శాతం, మూడవ రకంలో 66 శాతం. మూడవ రకంలో బెలూన్ చేయించుకున్నవారికి 40 శాతం మందికే మేలు జరిగితే, ఆపరేషన్ చేయించుకున్నవారిలో 86 శాతానికి జరిగింది. ఆ రకం వారు మొత్తం పద్దెనిమిది మందే కాబట్టి ఈ చివరి అంకెలను మరీ బిగించి పట్టుకోకూడదు. అయినా అవి చూపించే దిశ మాత్రం తర్వాతి అనుభవంతో సరిపోయింది. మూడవ రకంలో బిగుసుకుపోయే భాగం వలయానికి చాలా పైదాకా ఉంటుంది, బెలూన్ వలయాన్ని మాత్రమే సాగదీస్తుంది.

మీ రిపోర్టులో అకలేసియా అని మాత్రమే ఉండి రకం రాయకపోతే, పరీక్ష చేసిన చోటికే తిరిగి వెళ్ళి రాయించుకోండి.

3. మీ లక్షణాలకు మీరే మార్కులు వేసుకోండి

ఎకార్ట్ స్కోరు అనే సులువైన లెక్క ఒకటుంది. మింగలేకపోవడం, తిన్నది వెనక్కి రావడం, ఛాతీ నొప్పి అనే మూడింటిలో ఒక్కొక్కదానికి, అసలు లేకపోతే 0, అప్పుడప్పుడు ఉంటే 1, రోజూ ఉంటే 2, తిన్న ప్రతిసారీ ఉంటే 3 వేసుకోవాలి. నాలుగవది బరువు. తగ్గకపోతే 0, అయిదు కిలోల లోపు తగ్గితే 1, అయిదు నుంచి పది కిలోలైతే 2, పది దాటితే 3. మొత్తం 12కు గాను 3 లేదా అంతకన్నా తక్కువ వస్తే జబ్బు అదుపులో ఉన్నట్టు లెక్క. అధ్యయనాల్లో చికిత్స ఫలించింది అని రాసినప్పుడు చాలావరకు ఈ 3 హద్దునే కొలతగా తీసుకుంటారు. ఈ సంగతి గుర్తుంచుకుంటే, ఫలించింది అన్న మాటకు పూర్తిగా నయమైంది అని అర్థం కాదని తెలుస్తుంది. రోజుకు ఒకసారి ముద్ద ఆగుతూ, అప్పుడప్పుడు తిన్నది పైకి వస్తున్న మనిషికి కూడా 3 మార్కులే వస్తాయి, ఆ లెక్కలో ఆయన చికిత్స ఫలించినట్టే.

తేదీ వేసి ఈ మార్కులను ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. ఇది తర్వాత కూడా పనికివస్తుంది.

4. ఒక్కొక్క చికిత్సలో ఏం చేస్తారో తెలుసుకోండి

మాత్రలతో మొదలుపెడితే, నిఫెడిపిన్, ఐసోసార్బైడ్ వంటి మందులు భోజనానికి ముందు వేసుకుంటే వలయం కాసేపు వదులవుతుంది. తలనొప్పి, రక్తపోటు పడిపోవడం సాధారణం, పని చేసే తీరు కూడా కొద్ది కాలానికే తగ్గిపోతుంది. వేరే చికిత్సకు తేదీ దొరికే దాకానో, ఏ చికిత్సకూ శరీరం తట్టుకోలేని స్థితిలోనో తప్ప వీటి మీద ఆధారపడడం తగదు. ఆమ్లాన్ని తగ్గించే మామూలు గ్యాస్ మాత్రలు వలయాన్ని వదులు చేయలేవు.

బొటాక్స్ ఇంజెక్షన్‌ను ఎండోస్కోపీ ద్వారా వలయం చుట్టూ నాలుగు వైపులా ఇస్తారు, సాధారణంగా మొత్తం 100 యూనిట్లు. చేయడం సులువు, ప్రమాదం తక్కువ, మొదట్లో చాలామందికి ఉపశమనం కలుగుతుంది. కాని ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి లక్షణాలు తిరగబెడతాయి. పైగా పదేపదే ఇస్తే ఆ చోట మచ్చకట్టి, తర్వాత కండరం కోయవలసి వస్తే పని కష్టమవుతుంది. అందువల్ల దీన్ని బాగా పెద్ద వయసువారికీ, గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో మత్తు తట్టుకోలేనివారికీ మాత్రమే కేటాయించడం మేలు. ముప్పై అయిదేళ్ళ మనిషికి మొదటి చికిత్సగా బొటాక్స్ సూచిస్తే కారణం అడగండి.

బెలూన్ డైలటేషన్‌లో వలయం దగ్గర గట్టి బెలూన్ నిలిపి, గాలి నింపి, బిగిసిన కండరపు పోగులు చిట్లేలా చేస్తారు. బెలూన్ వెడల్పు 30, 35, 40 మిల్లీమీటర్లు ఉంటుంది. చిన్నదానితో మొదలుపెట్టి, మేలు చాలకపోతే కొన్ని వారాల తర్వాత పెద్దదానికి వెళతారు. కోత ఉండదు, చాలాచోట్ల ఆ రోజో మర్నాడో ఇంటికి పంపుతారు, ఖర్చు మిగిలిన రెండింటి కన్నా తక్కువ. దీనిలో భయపడవలసింది అన్నవాహికకు చిల్లు పడడం. అనుభవజ్ఞుల చేతుల్లో ఇది నూటికి ఇద్దరి దగ్గర జరుగుతుంది, పైన చెప్పిన యూరప్ అధ్యయనంలో 4 శాతం మందికి జరిగింది. అందుకే ఛాతీ సర్జరీ చేయగల డాక్టర్లు అదే భవనంలో ఉన్న ఆసుపత్రిలోనే దీన్ని చేయించుకోవాలి.

హెల్లర్ మయోటమీ పాత ఆపరేషన్, మయోటమీ అంటే కండరాన్ని కోయడం. ఎర్నెస్ట్ హెల్లర్ 1913లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో దీన్ని మొదట చేశాడు. అప్పట్లో ఆయన కండరాన్ని ముందూ వెనకా రెండు చోట్ల కోశాడు, ఇప్పుడు ముందు వైపు ఒక్క కోతే సరిపోతోంది. నేడు పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాల ద్వారా లాపరోస్కోపీతో చేస్తారు. అన్నవాహిక మీద సుమారు ఆరు సెంటీమీటర్లు, జీర్ణాశయం మీద రెండు మూడు సెంటీమీటర్లు కండరాన్ని కోసి, లోపలి పొరను మాత్రం ముట్టుకోకుండా వదిలేస్తారు. ఆ తర్వాత ఆమ్లం పైకి రాకుండా జీర్ణాశయం పై భాగాన్ని కోసిన చోటి మీదికి మడిచి కుడతారు. ఈ మడతే ఈ ఆపరేషన్‌కు ఉన్న అసలు బలం, మిగతా ఏ చికిత్సలోనూ ఇది భాగం కాదు. రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉండాలి.

పోయెమ్‌ను జపాన్‌లోని యోకొహామాలో హరుహిరో ఇనోయె 2008లో మనుషుల మీద మొదటిసారి చేశాడు. మత్తు ఇచ్చి నోటి ద్వారానే ఎండోస్కోప్ పంపుతారు. అన్నవాహిక లోపలి పొరకు చిన్న గాటు పెట్టి, ఆ పొరకూ కండరానికీ మధ్య సొరంగంలా దారి చేసుకుంటూ కిందికి వెళ్ళి, వలయపు కండరాన్ని లోపలి నుంచే కోసి, తిరిగి వచ్చేటప్పుడు గాటును క్లిప్పులతో మూసేస్తారు. బయట కోత అంటూ ఏదీ ఉండదు. కోత పొడవును అవసరాన్ని బట్టి పైకి పెంచుకోగలగడం దీని ప్రత్యేకత, మూడవ రకం వారికి ఇది బాగా అక్కరకు వస్తుంది. మన ప్రాంతం వారికి కలిసివచ్చే సంగతేమిటంటే, హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ దీన్ని పెద్ద సంఖ్యలో చేసిన కేంద్రాల్లో ఒకటి, అక్కడి డాక్టర్లు వందల మంది రోగుల ఫలితాలను అంతర్జాతీయ వైద్య పత్రికల్లో ప్రచురించారు. లోపం ఒక్కటే, కాని అది పెద్దది. ద్వారం తెరుస్తారు గాని మడత కుట్టరు కాబట్టి ఆమ్లం పైకి రావడం ఎక్కువ.

5. అంకెలను పక్కపక్కన పెట్టి చదవండి

డాక్టరు చెప్పే శాతాలు ఎక్కువగా మూడు అధ్యయనాల నుంచి వస్తాయి. 2011లో వెలువడిన యూరప్ అధ్యయనంలో 201 మందిని చీటీ తీసినట్టుగా రెండు వర్గాలు చేసి, కొందరికి బెలూన్, కొందరికి హెల్లర్ ఆపరేషన్ చేశారు. రెండేళ్ళకు బెలూన్ 86 శాతం మందిలో, ఆపరేషన్ 90 శాతం మందిలో ఫలించింది. అయిదేళ్ళకు కూడా తేడా పెద్దగా రాలేదు. 2019లో 133 మందితో జరిగిన మరో అధ్యయనంలో బెలూన్‌ను పోయెమ్‌తో పోలిస్తే, రెండేళ్ళకు పోయెమ్ 92 శాతం, బెలూన్ 54 శాతం మాత్రమే ఫలించాయి.

ఒకే బెలూన్‌కు ఒకచోట 86, మరోచోట 54 ఎలా వచ్చాయన్నది తెలుసుకోవలసిన విషయం. మొదటి అధ్యయనంలో లక్షణాలు తిరగబెడితే మళ్ళీ బెలూన్ చేయడానికి అనుమతి ఉంది, అలా చేయించుకుని బాగున్నవారిని ఫలించినవారిగానే లెక్కించారు. రెండవదానిలో 30, అవసరమైతే 35 మిల్లీమీటర్ల బెలూన్ దాకా వెళ్ళి, అప్పటికీ కుదరకపోతే విఫలం కిందనే రాశారు. అంటే బెలూన్ పనికిరానిది కాదు, తిరిగి తిరిగి చేయించుకునేవారికి పని చేసేది. ఆసుపత్రికి గంట ప్రయాణంలో ఉన్నవారికీ, ఆదిలాబాదు మారుమూల పల్లె నుంచో పాడేరు నుంచో కూలి మానుకుని, తోడుగా ఒకరిని తీసుకుని రావలసినవారికీ ఈ తిరిగి తిరిగి అన్న మాట బరువు ఒకటి కాదు. ఈ లెక్క ఏ రిపోర్టులోనూ ఉండదు, మీరే వేసుకోవాలి.

మూడవ అధ్యయనం పోయెమ్‌నూ హెల్లర్ ఆపరేషన్‌నూ 221 మందిలో పోల్చింది, ఇది కూడా 2019లోనే వచ్చింది. రెండేళ్ళకు ఫలితం 83 శాతం, 81.7 శాతం, అంటే మింగే సుఖంలో రెండూ సమానమే. తీవ్రమైన చిక్కులు పోయెమ్‌లో 2.7 శాతం, ఆపరేషన్‌లో 7.3 శాతం. కాని మూడు నెలలకు ఎండోస్కోపీ చేసి చూస్తే, ఆమ్లం వల్ల అన్నవాహిక ఒరుసుకుపోయినవారు పోయెమ్‌లో 57 శాతం, ఆపరేషన్‌లో 20 శాతం ఉన్నారు. రెండేళ్ళకు ఈ అంకెలు 44, 29 అయ్యాయి. పోయెమ్ ఎంచుకునేవారు ఆమ్లం తగ్గించే మాత్రను ఏళ్ళ తరబడి వేసుకోవడానికి సిద్ధపడి ఎంచుకోవడం మంచిదని నేను అనడానికి కారణం ఇదే.

6. మీ పరిస్థితికి అన్వయించుకోండి

మూడవ రకమని రిపోర్టులో ఉంటే, వేరే అడ్డంకులు లేనంతవరకు పోయెమ్ వైపే మొగ్గాలి, ఈ విషయంలో చాలామంది నిపుణులది ఒకే మాట. మొదటి రెండు రకాల్లో మూడు దారులూ తెరిచే ఉంటాయి. నలభై దాటిన స్త్రీలకూ, రెండవ రకం వారికీ బెలూన్ బాగా పని చేస్తుంది, మళ్ళీ రాగలిగే వీలుంటే దానితో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. నలభై లోపు పురుషుల్లో బెలూన్ ప్రభావం ఎక్కువ కాలం నిలవదని అనుభవం చెబుతోంది కాబట్టి వారు కండరం కోసే చికిత్సలనే చూసుకోవాలి.

పోయెమ్, హెల్లర్‌ల మధ్య ఊగిసలాడేవారు తమ శరీరంలో ఉన్న మరో సమస్యను చూసుకోవాలి. జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారిన హయాటల్ హెర్నియా పెద్దదిగా ఉంటే, దాన్ని కూడా అదే సమయంలో సరిచేయగల హెల్లర్ ఆపరేషన్ మెరుగు. పొట్ట మీద ఇంతకు ముందు చాలా ఆపరేషన్లు జరిగి ఉంటే పోయెమ్ సులువు. ఎప్పుడో హెల్లర్ చేయించుకుని మళ్ళీ లక్షణాలు వచ్చినవారికి వెనక వైపు గోడలో పోయెమ్ చేయడం, లేదా బెలూన్ చేయడం వీలవుతుంది, ఒక చికిత్స విఫలమైతే దారులన్నీ మూసుకుపోతాయని భయపడనక్కర లేదు. అన్నవాహిక బాగా సాగి పాములా మెలికలు తిరిగిపోయి, ఏ చికిత్సకూ లొంగని చివరి దశలో మాత్రం దాన్నే తీసివేసే పెద్ద ఆపరేషన్ గురించి మాట్లాడతారు.

మా మేనత్తగారు రెండవ రకం. ఊళ్ళో ఒంటరిగా ఉంటారు, పదేపదే నగరానికి రావడం ఇష్టం లేదు, మాత్రలు వేళకు వేసుకునే అలవాటు ఉంది. ఈ మూడూ కలిపి చూసుకుని, ముందు చెప్పిన తేదీని వదులుకుని, ఆవిడే పోయెమ్ అన్నారు. అదే రకం ఉండి, ఆసుపత్రి వీధి చివరే ఉండి, మత్తంటే భయపడే మరొకరు బెలూన్ అనుకుంటే అదీ సబబే.

7. డాక్టరును ఈ ప్రశ్నలు అడగండి

నాది ఏ రకం, దానివల్ల మీ సలహా మారిందా? మీ ఆసుపత్రిలో మూడు చికిత్సలూ చేస్తారా, లేక ఒకటే చేస్తారా? ఈ రెండవ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. ఒకే చికిత్స అందుబాటులో ఉన్నచోట ఆ ఒక్కదాన్నే సూచించడం సహజం, అలాంటప్పుడు రిపోర్టుల నకళ్ళతో మరో చోట రెండవ అభిప్రాయం తీసుకోవాలి. అకలేసియా నెలల తేడాలో ముంచుకొచ్చే జబ్బు కాదు, ఒకటి రెండు వారాలు ఆగి ఆలోచించే వ్యవధి సాధారణంగా ఉంటుంది. నీళ్ళు కూడా దిగనివారికీ, పొలమారి పదేపదే నిమోనియా వచ్చేవారికీ మాత్రం ఆ వ్యవధి లేదు.

చేసే డాక్టరు స్వయంగా ఇలాంటివి ఎన్ని చేశారో, చిల్లు పడితేనో రక్తం కారితేనో ఎవరు చూసుకుంటారో, మళ్ళీ చేయవలసి వస్తే ఏం చేస్తారో కూడా అడగండి. ఖర్చు విషయంలో ప్యాకేజీలో ఏమేమి కలుస్తాయో కాగితం మీద రాయించుకోండి. పోయెమ్‌కు బయట కోత లేనందువల్ల కొన్నిసార్లు బీమా వాళ్ళు దాన్ని ఆపరేషన్‌గా ఒప్పుకోవడానికి తాత్సారం చేయవచ్చు, అందుకని ముందస్తు అనుమతి చేతికి వచ్చాకే చేరండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారు, ఏ చికిత్స పథకం పరిధిలోకి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర చికిత్స పేరు పెట్టి మరీ అడగాలి.

8. ముందూ తర్వాతా ఇంట్లో చేయవలసినవి

అన్నవాహికలో పాత ఆహారం నిలవ ఉండిపోతే మత్తు ఇచ్చేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కాబట్టి మామూలు ఎండోస్కోపీకి సరిపోయే ఒక పూట ఉపవాసం ఇక్కడ సరిపోదు. డాక్టరు చెప్పినన్ని రోజులు, సాధారణంగా రెండు మూడు రోజులు, మజ్జిగ తేట, కొబ్బరి నీళ్ళు, వడగట్టిన పప్పుకట్టు వంటి ద్రవాలతోనే గడపాలి. రక్తం పలచబడే మందులు, షుగరు మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

కండరం కోసిన తర్వాత, చాలాచోట్ల మర్నాడు మందు తాగించి ఎక్స్‌రే తీసి, ఎక్కడా కారడం లేదని చూశాకే ద్రవాలు మొదలుపెడతారు. తర్వాతి ఒకటి రెండు వారాలు గుజ్జు ఆహారం, అంటే పలచని రాగి జావ, మెత్తగా ఉడికిన పెసరపప్పు కిచిడీ, చేత్తో మెదిపిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ. జంతికలు, చేగోడీలు, అప్పడాలు, వేడివేడి పదార్థాలు అప్పుడే వద్దు. ఆ తర్వాత కూడా నిటారుగా కూర్చుని, నిదానంగా నమిలి, ముద్దల మధ్య నీళ్ళు తాగుతూ తినడం జీవితాంతం అలవాటుగా ఉంచుకోవాలి, ఎందుకంటే కిందికి నెట్టే కదలిక సాధారణంగా తిరిగి రాదు. రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య మూడు గంటలు ఉండాలి. మంచం తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకోండి. దిండ్లు ఎక్కువ వేసుకుంటే మెడ వంగుతుందే గాని ఛాతీ ఎత్తు కాదు.

ఇంటికి వచ్చాక ఛాతీలోనో వీపులోనో తీవ్రమైన నొప్పి, జ్వరం, ఆయాసం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం కనిపించినా, మెడ దగ్గర చర్మం ఉబ్బి నొక్కితే చిటపటలాడినా రేపటి దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. బెలూన్ చేయించుకున్నవారు మొదటి రోజంతా దీన్ని మరింత జాగ్రత్తగా గమనించాలి.

9. తర్వాతి తనిఖీలు మానవద్దు

మూడు నుంచి ఆరు నెలల మధ్య ఎకార్ట్ మార్కులు మళ్ళీ వేసుకుని, బేరియం పరీక్ష మళ్ళీ చేయించి, పాతవాటితో పోల్చండి. కొందరికి సుఖంగా ఉన్నట్టే అనిపిస్తుంది గాని మందు ఇంకా నిలబడే ఉంటుంది, అలాంటివారిలో జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. పోయెమ్ చేయించుకున్నవారు ఛాతీలో మంట లేకపోయినా ఒకసారి ఎండోస్కోపీ చేయించుకోవాలి, ఆమ్లం వల్ల ఒరుసుకుపోయిన వారిలో చాలామందికి మంట తెలియదు. ఆమ్లం తగ్గించే మాత్రను టిఫినుకు అరగంట ముందు పరగడుపున వేసుకోవాలి, తిన్న తర్వాత వేసుకుంటే ప్రయోజనం తగ్గుతుంది. డాక్టరు చెప్పకుండా ఆపవద్దు.

ఏళ్ళ తరబడి అకలేసియా ఉన్నవారిలో అన్నవాహిక కేన్సర్ వచ్చే అవకాశం మామూలు వారి కన్నా ఎక్కువ. ఎంతమందికి, ఎంత తరచుగా తనిఖీ చేయాలన్న విషయంలో నిపుణులు ఏకాభిప్రాయానికి రాలేదు, కాని జబ్బు మొదలై పదేళ్ళు దాటినవారికి మూడేళ్ళకొకసారి ఎండోస్కోపీ చేయించమని చెప్పే డాక్టర్లు చాలామంది ఉన్నారు. మీ డాక్టరు ఏ తేదీ చెబితే ఆ తేదీని, ఎకార్ట్ మార్కులు రాసుకున్న అదే నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.